పోటీ పెట్టినోడే బలం అమ్మితే



ఈసారి మిరప గురించి కాదు, యూరియా గురించి కాదు. పిల్లలు ఫోన్లో ఆడే ఒక ఆట గురించి రాస్తున్నా. ఈ వయసులో నీకెందుకయ్యా ఈ గోల అని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి. ఇవాళ మనందరి ఇళ్లలో ఆ ఫోను ఉంది, ఆ పిల్లలున్నారు, ఆ ఫోన్లోనే మన బ్యాంకు ఖాతా కూడా ఉంది.

సంగతేంటంటే, పోయిన నెల ఒకరోజు రాత్రి మా తమ్ముడి కొడుకు వచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. ఇంటర్ రెండో సంవత్సరం. "పెదనాన్నా, ఒక ఐదొందలు ఫోన్‌పే చేస్తావా" అన్నాడు. ఎందుకురా అంటే ఆటకి అన్నాడు. ఆట ఉచితం అన్నావుగా అంటే, "ఆడటం ఉచితమే పెదనాన్నా, నా బొమ్మకి బలం పెరగాలంటే మాత్రం డబ్బులు కట్టాలి" అన్నాడు.

ఐదొందలు పెద్ద మొత్తమేం కాదు. ఒక మనిషి పొద్దుటినుంచి సాయంత్రం దాకా మిరపకాయలు కోస్తే వచ్చే కూలికి అటూ ఇటూ. ఇయ్యను పొమ్మని అనేయొచ్చు. కానీ ఎందుకు ఇయ్యనో చెప్పలేకపోతే వాడు వాళ్లమ్మనడుగుతాడు, అక్కడ కాకపోతే అమ్మమ్మనడుగుతాడు. పైగా నాకు ఒక్క మాట దగ్గర మనసు ఆగిపోయింది. పోటీలో బలాన్ని డబ్బులకి కొనటం ఏందసలు? ఇది పోటీయా, కొట్టా?

వాడు ఆడే ఆట పేరు ఇక్కడ రాయను. దాని గురించి వివరంగా రాసినవాళ్లు కూడా నాకు దొరకలేదు. అదే కోవలో ఇంకో ఆట ఉంది, పోకెమాన్ యునైట్ అని. దాని గురించి మాత్రం ప్రపంచంలో చాలామంది రాశారు, మెచ్చుకున్నారు, తిట్టారు. ఆటల మీద సమీక్షలు రాయటమే వృత్తిగా ఉన్నవాళ్లు రాసినవి నేనూ మావాడూ కలిసి ఫోన్లో తెలుగులోకి మార్చుకొని చదివాం. వారం రోజులు రాత్రిపూట ఇదే పని. అందులో నాకు అర్థమైంది, నేను అనుకుంటున్నది మీ ముందు పెడుతున్నా.

ముందు ఆట ఏందో చెప్తా. పోకెమాన్ అంటే జపాన్ వాళ్లు పుట్టించిన వింత జంతువులు. 1996లో అక్కడ మొదట వీడియో గేముగా వచ్చింది. మన పిల్లలు టీవీలో చూసే పసుపుపచ్చ పికాచూ ఆ మందలోదే. పాత ఆటల్లో పద్ధతి వేరు. నువ్వొక దెబ్బ వేస్తే ఎదుటోడు ఒక దెబ్బ వేస్తాడు, వంతులవారీగా నడుస్తుంది. నీళ్ల జంతువు నిప్పు జంతువుని ఓడిస్తుంది, నిప్పుది గడ్డిదాన్ని ఓడిస్తుంది. ఎవరి మీదికి ఎవర్ని దించాలో తెలియటమే అక్కడ తెలివి. ఆ ఆటలు ఉచితం కాదు. ఒకసారి డబ్బు పెట్టి కొంటే ఆట మొత్తం మనదే.

యునైట్ అలా కాదు. 2021 జులైలో నింటెండో స్విచ్ అనే ఆటల యంత్రానికి, సెప్టెంబరులో మామూలు ఫోన్లకి వచ్చింది. పోకెమాన్ కంపెనీ కోసం చైనా టెన్సెంట్ వాళ్ల టిమి స్టూడియో తయారుచేసింది. దించుకోవటానికి పైసా అక్కర్లేదు. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. పది నిమిషాల ఆట. మైదానంలో తిరిగే అడవి జంతువుల్ని కొట్టి శక్తి పోగుచేసుకొని, దాన్ని తీసుకుపోయి ఎదుటి జట్టు గోల్‌లో వేయాలి. చివరి రెండు నిమిషాల్లో వేసిన పాయింట్లకి విలువ రెట్టింపు. మనవాళ్లకి చెప్పాలంటే కబడ్డీకి దగ్గర. ఒంటరిగా ఎగబడినోడు దొరికిపోతాడు, జట్టుగా కదిలినోళ్లు గెలుస్తారు. ప్రతి ఆటలో అందరి జంతువూ ఒకటో మెట్టు నుంచే మొదలై ఆడేకొద్దీ పెరుగుతుంది. ఇంతవరకు న్యాయంగానే ఉంది కదా. అసలు సంగతి తర్వాత చెప్తా.

ఈ ఆట మీద మూడుసార్లు మూడు తీర్పులు వచ్చాయి.

మొదటి తీర్పు ఆట రాకముందే వచ్చింది. 2020 జూన్‌లో పోకెమాన్ కంపెనీ వాళ్లు వచ్చే వారం పెద్ద కబురు చెప్తామని ఊరించారు. అభిమానులు ఏదో పెద్ద ఆట వస్తుందని ఎదురుచూశారు. జూన్ 24న యునైట్‌ని చూపించారు. జనానికి ఒళ్లు మండింది. యూట్యూబులో ఆ వీడియోకి బొటనవేలు కిందికి చూపించినవాళ్లు లెక్కకు మిక్కిలి. అప్పటికి ఆటని ఒక్కడు కూడా ఆడలేదు.

నేనైతే దీన్ని తీర్పుగా ఒప్పుకోను. విత్తనం సంచి మీద బొమ్మ చూసి పంట బాగోలేదన్నట్టే ఇది. సంచి బొమ్మ చూసి అద్భుతం అనేవాడు ఎంత తప్పో, అదే బొమ్మ చూసి దండగ అనేవాడూ అంతే తప్పు. కాకపోతే అందులో కంపెనీ తప్పు కూడా ఉంది. పెద్ద కబురు అని ఊరించి ఆశ పెంచింది వాళ్లే కదా.

రెండో తీర్పు 2021లో ఆట వచ్చాక, ఆడి రాసినవాళ్లది. ఇది వినదగ్గది. మొత్తం మీద మిశ్రమంగా వచ్చింది. సమీక్షల మార్కులు కలిపి సగటు తీసే మెటాక్రిటిక్‌లో కూడా అదే మాట. ఎక్కువమంది రాసింది రెండు ముక్కల్లో చెప్తా. మైదానంలో ఆట బాగుంది. మైదానం బయట పెట్టిన అంగడి బాగాలేదు.

బాగున్నదేంటి? ఇలాంటి జట్టు ఆటలు ఇదివరకే ఉన్నాయి. లీగ్ ఆఫ్ లెజెండ్స్, డోటా 2 అని. అవి నేర్చుకోటానికే నెలలు పడుతుందట, ఒక్కో ఆట అరగంట, ముప్పావుగంట నడుస్తుందట. కొత్తోడు పోతే తిట్లు తిని వస్తాడు. యునైట్ పది నిమిషాల్లో అయిపోతుంది, చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. కష్టమైన విద్యని తేలిగ్గా నేర్పటం చిన్న పని కాదు. సమీక్షకులు ఆ మెప్పు దాచుకోకుండా ఇచ్చారు.

బాగోలేనివి రెండు రకాలు. మొదటి రకం ఆట లోపలివి. నీళ్లు, నిప్పు, గడ్డి అన్న పాత లెక్కని ఇందులో తీసేశారు. నిప్పు జంతువు నీళ్ల జంతువుని కూడా మామూలుగానే కొడుతుంది. పాతవాళ్లకి అది నచ్చలేదు. ఇంకొకటి, ఆట చివర్లో మైదానం మధ్యకి జాప్‌డోస్ అని పెద్ద మెరుపు పక్షి వచ్చేది. దాన్ని కొట్టిన జట్టుకి ఒక్కసారిగా పాయింట్లు వేసుకునే వీలు దొరికేది. ఎనిమిది నిమిషాలు కష్టపడి ముందున్నవాళ్లు ఆ ఒక్క పక్షి చేజారితే ఓడిపోయేవాళ్లు. నెల రోజులు కష్టపడి ఎండబెట్టిన కాయ, కల్లంలో ఒక్క రాత్రి వానకి తడిసినట్టు. ఇలాంటివి రుచుల గొడవలు. కొందరికి అదే మజా. వీటి మీద నాకు పట్టింపు లేదు.

రెండో రకం అంగడి గొడవ. నా పట్టింపంతా ఇక్కడే.

ప్రతి ఆటలో అందరూ ఒకటో మెట్టు నుంచి మొదలవుతారని చెప్పా కదా. కానీ ప్రతి జంతువుకి మూడు సామాన్లు తగిలించుకొని మైదానంలోకి దిగొచ్చు. ఒకటి దెబ్బకి బలం పెంచుతుంది, ఒకటి ప్రాణం పెంచుతుంది, ఇలాగ. ఆ సామాన్లకి మళ్లీ మెట్లున్నాయి. విడుదలైనప్పుడు ఒకటి నుంచి ముప్పై దాకా పెట్టారు. మెట్టు ఎక్కించాలంటే దానికొక సరుకు కావాలి. ఆ సరుకు ఆడి ఆడి నిదానంగా సంపాదించుకోవచ్చు, లేదా డబ్బులు పెట్టి తొందరగా ఎక్కించుకోవచ్చు. అంటే కొత్తగా వచ్చిన రోజే ఒకడు పర్సు తెరిచి ముప్పై మెట్ల సామానుతో దిగొచ్చు. ఎదురుగా ఉన్నోడు నాలుగో ఐదో మెట్ల సామానుతో ఉంటాడు. తేడా కంటికి కనపడదు, దెబ్బ తగిలాక తెలుస్తుంది. ఇంగ్లీషులో దీన్ని పే టు విన్ అంటారు. కట్టు, గెలువు. ఆటల మీద రాసేవాళ్లకి ఇంతకన్నా పెద్ద తిట్టు లేదు. ఆ మాట ఈ ఆటకి పడింది.

ఇంకా ఉంది. నాణేలు వేరు, టిక్కెట్లు వేరు, రత్నాలు వేరు, బట్టలకి ఇంకో టిక్కెట్లు. మన రూపాయి పెడితే రత్నాలొస్తాయి, రత్నాలతో ఇంకోటి కొనాలి. మ్యాచ్‌లు ఆడి సంపాదించే నాణేలకి మొదట్లో వారానికి 2,100 అని హద్దు పెట్టారు. 8,000 నాణేల పోకెమాన్ కావాలంటే దాదాపు నాలుగు వారాలు. ఎంత చెమటోడ్చి ఆడినా హద్దు హద్దే. తొందరగా కావాలా, రత్నాలు కొనుక్కో.

ఇది చదువుతుంటే మా తాత చెప్పిన పాత రోజులు గుర్తొచ్చాయి. మానిక, కుంచం, తూము అని కొలతలుండేవి. ఒక ఊరి కుంచం ఇంకో ఊరి కుంచంతో కలిసేది కాదు. కొలత మారిన ప్రతిచోటా రైతుకే గింజ తగ్గేది తప్ప షావుకారికి కాదు. ఇక్కడా అంతే. రూపాయి రత్నంగా మారి, రత్నం టిక్కెట్టుగా మారి, టిక్కెట్టు సరుకుగా మారితే, ఎంత ఖర్చయిందో పెద్దోడికే అంతుబట్టదు, పిల్లోడికేం తెలుస్తుంది?

మూడో తీర్పు జనానిది. ఇన్ని రాసినా జనం ఆడారు. 2021 చివరికల్లా దించుకున్నవాళ్ల లెక్క ఐదు కోట్లు దాటిందని కంపెనీ చెప్పుకుంది. ఆ ఏడాది అమెరికాలో గూగుల్ ప్లే వాళ్లు దీన్నే ఉత్తమ ఆటగా ఎంచారు. గేమ్ అవార్డ్స్ అనే పెద్ద పురస్కారాల్లో మొబైల్ ఆటల పోటీకి ఎంపికైంది, గెలిచింది మాత్రం గెన్షిన్ ఇంపాక్ట్ అనే ఇంకో ఆట. 2022లో లండన్‌లో జరిగిన పోకెమాన్ ప్రపంచ పోటీల్లో యునైట్‌కి కూడా చోటిచ్చారు.

ఇక్కడ మావాడు నన్ను పట్టుకున్నాడు. "చూశావా పెదనాన్నా, రాసినోళ్లు ఏదో రాస్తారు, ఐదు కోట్ల మంది పిచ్చోళ్లా?" అన్నాడు. నేను పిచ్చోళ్లని అనలేదు. ఆట బాగుందని సమీక్షకులు కూడా అన్నారు కదరా అన్నా. జనం మెచ్చింది మైదానాన్ని, సమీక్షకులు తప్పుపట్టింది అంగడిని. రెండూ నిజమే. ఊరేగింపుకి వెయ్యిమంది వచ్చారంటే ఊరేగింపు బాగున్నట్టు. దారి పక్క కొట్టువాడు తూకంలో మోసం చెయ్యట్లేదని కాదు.

ఇప్పుడు అసలు మాట. దీనికి పోలిక మన దగ్గరే ఉంది. మన గుంటూరు, ప్రకాశం వైపు ఎద్దుల బండలాగుడు పోటీలు చూడని రైతు ఎవరు? ఒంగోలు గిత్తలు బరిలోకి దిగుతుంటే అన్నం కూడా మానేసి చూస్తాం. అక్కడ పద్ధతి గుర్తుచేసుకోండి. ముందు పళ్లు చూస్తారు. పాలపళ్లవి ఒక విభాగం, రెండు పళ్లవి ఒకటి, నాలుగు పళ్లవి ఒకటి, ఆరు పళ్లవి ఒకటి, ఆపైన సీనియర్లు. ఒక్కో విభాగానికి ఒక్కో బరువు బండ. ఆ విభాగంలో అందరికీ అదే బండ, అదే సమయం. ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. రెండు పళ్ల కోడెని తెచ్చి సీనియర్ల జతతో పోటీకి కట్టరు. అది పోటీ కాదని చదువు లేనోడికి కూడా తెలుసు.

నాకు తెలుసు, మీలో ఒకరు వెంటనే అడుగుతారు. "అక్కడ మాత్రం డబ్బు లేదా? ఉన్నోడు ఉలవలు, బాదంపప్పు, గుడ్లు పెట్టి మేపుతాడు, పనివాళ్లని పెట్టి నడిపిస్తాడు, లక్షలు పోసి గిత్తల్ని కొంటాడు. లేనోడి ఎద్దు గెలుస్తుందా?" అని. ఒప్పుకుంటా. లేనోడు గెలవటం అరుదే. డబ్బు చొరబడని పోటీ ఈ లోకంలో లేదు. మావాడి కాలేజీలో కూడా కోచింగ్‌కి పోయినోడికే ర్యాంకు.

కానీ ఒక్క తేడా ఉంది, నేను మూడు రాత్రులు ఆలోచిస్తే దొరికిన తేడా. బండలాగుడు పెట్టిన కమిటీవాళ్లు బరి పక్కన కొట్టు తెరిచి బలం అమ్మరు. నువ్వు ఎద్దుని ఎక్కడ కొన్నావో, ఏం మేపావో కమిటీకి అక్కర్లేదు. నీ ఎద్దు ఓడిపోతే కమిటీకి ఒక్క రూపాయి లాభం లేదు. అందుకే ఆ కమిటీ కొలిచిన అడుగుల్ని నమ్ముతాం. అదే కమిటీ, "ఇంకో ఐదొందలు కట్టు, నీ బండ బరువు కొంచెం తగ్గిస్తాం" అని మొదలుపెడితే? ఆ రోజునుంచి నువ్వు ఓడిపోవటం కమిటీకి లాభం. ఓడినోడే కదా మళ్లీ కొంటాడు. పోటీ పెట్టినోడే బలం అమ్మితే, కొలత పట్టుకున్న చెయ్యీ డబ్బు పుచ్చుకునే చెయ్యీ ఒకటే అవుతుంది. సమీక్షకులు యునైట్‌లో పట్టుకున్న తప్పు ఇదే అని నేను అనుకుంటున్నా. డబ్బు తీసుకోవటం తప్పు కాదు. ఎక్కడ తీసుకున్నారన్నదే తప్పు.

ఎందుకంటే ఇదే ఆటలో ఇంకో సరుకు కూడా అమ్ముతారు. జంతువులకి బట్టలు, టోపీలు, రంగులు. అవి వేస్తే పికాచూ ముద్దుగా కనపడుతుంది, దెబ్బలో బలం పెరగదు. దాని మీద నాకు ఒక్క మాట కూడా లేదు. పోటీకి వచ్చే గిత్తలకి మనం కొమ్ములకి రంగులేస్తాం, మెడలో పట్టెడలు కడతాం, గజ్జెలు కడతాం. ఎంత ఖర్చుపెట్టినా బండ ఒక్క అడుగు ఎక్కువ జరగదు. ఆటని తయారుచేసినవాళ్లూ బతకాలి. వందలమంది పనిచేస్తారు, వాళ్లకి జీతాలుండాలి. రంగులమ్ముకొని బతకండి, బలం అమ్మకండి. అంతే నా వాదన.

కంపెనీ వైపు వాదన కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. సామాన్ల బలం కన్నా ఆడే నేర్పే ముఖ్యమని చాలామంది ఆటగాళ్లు అన్నారు. పదిమందిలో ఒకడి సామాను ముప్పై మెట్లదైనంత మాత్రాన, బుద్ధి లేకుండా ఎగబడితే జట్టు ఓడుతుంది. ఓపికుంటే డబ్బు పెట్టకుండానే సామాన్లు పెంచుకోవచ్చు. తర్వాత తర్వాత వాళ్లు ఉచితంగా కూడా కొన్ని ఇచ్చారు. ఇదంతా నిజమే. నేను చెప్పింది విడుదలైనప్పటి సంగతి, ఇలాంటి ఆటల్లో నిబంధనలు మారుతూనే ఉంటాయి. అయినా "తేడా కొంచెమే కదా" అన్న మాట నా చెవికెక్కదు. కాటాలో తేడా కొంచెమే ఉంటుంది. క్వింటాకి కిలో. దాన్ని కొంచెమే అని ఎప్పుడైనా ఊరుకున్నామా?

ఇక సమీక్షలు రాసేవాళ్లతో కూడా నాకు రెండు పేచీలున్నాయి.

ఒకటి, వాళ్లు మంచిని మంచిగా, చెడుని చెడుగా విడదీసి రాస్తారు, చివరికి తీసుకొచ్చి రెంటినీ కలిపి ఒక్క అంకె వేస్తారు. పదికి ఏడో, ఆరో. ఒక ఎకరం ముప్పై బస్తాలు పండి, పక్క ఎకరం పది బస్తాలు పండితే సగటు ఇరవై. ఆ ఇరవై రెండు ఎకరాల్లో దేనికీ నిజం కాదు. ఆటకి ఒక మార్కు, అంగడికి ఒక మార్కు విడిగా వేయాలి. పిల్లోడు మొదటి మార్కు చూసుకుంటాడు, తండ్రి రెండోది చూసుకుంటాడు. ఎవరి పని వాళ్లది.

రెండు, ఎక్కువమంది ఆట వచ్చిన మొదటి రోజుల్లోనే రాసేస్తారు. ఇలాంటి ఆటలు మొదట్లో చాలా ఉదారంగా ఉంటాయి. రోజూ ఏదో ఒక బహుమతి, చేతినిండా నాణేలు. మెట్లు చకచకా ఎక్కుతాయి. గోడ తగిలేది తర్వాత. ముప్పై రోజుల మిరప తోటని చూసి ఏ పురుగూ లేదని రాస్తే ఎలా? కాయ పట్టాక రా, అప్పుడు చూడు తామర పురుగు సంగతి. ఉచిత ఆటల మీద రాసేవాళ్లు మూడు నెలలాగి మళ్లీ ఒకసారి రాయాలి. యునైట్ విషయంలో చాలామంది మొదట్లోనే అంగడి తప్పు పట్టుకున్నారు, వాళ్లకి దండం. కానీ ప్రతి ఆటకీ అంత చూపు దొరకదు.

చట్టం చూసుకోదా అంటారేమో. చట్టాలు ఉన్నాయి, కానీ ఇది వాటి సందుల్లోంచి జారిపోతుంది. తెలంగాణలో 2017లో, మన ఆంధ్రలో 2020లో ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు కాసి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటల మీద నిషేధం చట్టం చేసింది. మంచి పని. రమ్మీలో పొలాలు పోగొట్టుకున్నోళ్లని మనం చూశాం. కానీ యునైట్ లాంటి దాంట్లో డబ్బు కాయటం లేదు, డబ్బు గెలవటం లేదు. పెట్టింది పోతుంది, అంతే. కాబట్టి అది జూదం కిందికి రాదు. చైనాలో 2021లో పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు వారానికి మూడు గంటలే ఆన్‌లైన్ ఆటలు ఆడాలని కట్టడి పెట్టారు. అది సమయం మీద కట్టడి. బెల్జియంలో 2018లో, డబ్బు కట్టి లోపలేముందో తెలియని పెట్టెల్ని తెరిచే పద్ధతిని జూదమని తేల్చారు. అది లాటరీ మీద కట్టడి. పందెం మీద ఒకరు, సమయం మీద ఒకరు, లాటరీ మీద ఒకరు. బలం అమ్మటం మీద ఈ మూడింటిలో ఏదీ లేదు. అందుకే సమీక్షకుల మాటకి ఇంత విలువ. చట్టం చూడని చోట చూసేది వాళ్లు, ఆ తర్వాత ఇంట్లో మనం.

మనం ఏం చెయ్యాలి? ఫోను లాక్కొని గూట్లో పెట్టి తాళం వేస్తే పనవుతుందని నేను అనుకోను. పక్కింటి పిల్లోడి ఫోన్లో ఆడతాడు. మనం ఎడ్ల పందేల దగ్గర రాత్రంతా కూర్చుంటాం, వాళ్లని ఆట ఆడొద్దంటే ఏం న్యాయం? నేను మూడు ప్రశ్నలు పెట్టుకున్నా, మీక్కూడా పనికొస్తాయేమో చూడండి.

డబ్బు దేనికి అడుగుతున్నాడు, బలానికా, రంగుకా? బలానికైతే ఇయ్యొద్దు. అది ఒకసారి ఇచ్చి తీరేది కాదు, ఎదుటోడు ఇంకా ఎక్కువ పెడతాడు.

రూపాయి ఎన్ని చేతులు మారి సరుకవుతోంది? ఒక కాగితం మీద రాసి చూపించమనండి. రాయలేకపోతే కొనొద్దు.

ఓడిపోతే ఎవరికి లాభం? ఇది ఆట గురించే కాదు, ఉచితంగా ఇస్తామని మన గడప తొక్కే ప్రతివాడినీ అడగాల్సిన ప్రశ్న.

ఇంకో మాట. ఫోన్‌పే పిన్ పిల్లలకి చెప్పకండి. చెప్పి తర్వాత కొట్టకండి.

మావాడి సంగతి చెప్పి ముగిస్తా. వారం తర్వాత వాడితో కూర్చొని ఇదంతా చెప్పా. సీనియర్ల విభాగంలోకి పాలపళ్ల దూడని తోలి, గెలవాలంటే డబ్బు కట్టమనేవాడి దగ్గర మన గిత్తని కడతామా అన్నా. వాడు కాసేపు మాట్లాడలేదు. "మరి ఓడిపోతూనే ఉండాలా?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర తేలికైన జవాబు లేదు. ఓడితే ఓడు, నేర్పుతో ఎంత గెలవగలవో అంత గెలువు, అదీ కాకపోతే బలం అమ్మని ఆట వెతుక్కో అన్నా. సంక్రాంతికి బట్టల డబ్బులతో పాటు ఒక వంద ఎక్కువిస్తా, కావాలంటే నీ జంతువుకి కూడా కొత్త చొక్కా కొనుక్కో అన్నా. నవ్వాడు.

ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదు. ఐదొందలు మాత్రం మళ్లీ అడగలేదు. మొన్న ఆదివారం పొలంలో పైపులు మార్చటానికి వచ్చి, "పెదనాన్నా, ఈసారి బండలాగుడికి నన్నూ తీసుకుపో, పళ్లు ఎలా చూస్తారో చూడాలి" అన్నాడు. తీసుకుపోతా.

మీ ఇళ్లలో ఎలా ఉందో, మీరేం చెప్పి ఒప్పించారో రాయండి. నేను చెప్పింది తప్పనిపిస్తే అదీ రాయండి. ఉంటా మరి, కాలవకి నీళ్లొచ్చే వేళయింది.